ఇల్లూ వాకిలీ: నీలం తలుపుల తెల్ల ఇల్లు మనకు కుదురుతుందా?

ప్రశ్న: మాది మలికిపురం దగ్గర పల్లె. కొబ్బరితోటలో 12 సెంట్లలో ఇల్లు కట్టాలనుకుంటున్నాం. మా అబ్బాయి గ్రీసు వెళ్లొచ్చి, శాంటొరినిలో ఉన్నట్టు తెల్ల గోడలు, చదును కప్పు, చిన్న కిటికీలు పెట్టిద్దాం, ఏసీ అక్కర్లేదంటున్నాడు. ఏమంటారు?

జవాబు: కట్టించుకోవచ్చండి. రెండో వానాకాలానికి తెలుపు మీద నాచు పడుతుంది, అంతే.

శాంటొరినిలో వేసవంతా చినుకుండదు, గాలి పొడిగా ఉంటుంది. మందపాటి రాతిగోడ పగలు వేడిని పట్టి ఉంచుకుని, రాత్రి చల్లగాలికి వదిలేస్తుంది. మన మే నెల రాత్రి సంగతి మీకు చెప్పాలా? గోడ చల్లారదు, ఒళ్లు ఆరదు. ఇక్కడ కావలసింది గాలి. ఎదురెదురు కిటికీలు, ఎత్తైన కప్పు, మూడడుగుల చూరు పెట్టించండి. ఒట్టి పెంకు వద్దు. 1996 నవంబరు తుపానుకి మా వీధిలో పెంకులు పక్క తోటలో ఏరుకున్నాం. ఏటవాలు శ్లాబు పోయించి, దానిమీద పెంకు పరిపించండి.

అబ్బాయి ఫొటోల్లో పడనిది ఒకటుంది. అక్కడ ఏడాదికి 400 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. అందుకే పాత ఇళ్లలో కప్పుమీద పడ్డ నీటిని ఇంటి కింద తొట్టిలోకి మళ్లించుకునేవారు. మనకు మీటరుకు పైనే పడుతుంది. దాన్ని కాలవలోకి వదిలేసి, నీళ్ల టిన్నులు కొనుక్కుంటాం! మా నాయనమ్మ మండువా చూరు కింద గంగాళాలు పెట్టించేది, బోరు నీళ్లలో పప్పు ఉడకదని. వెయ్యి చదరపుటడుగుల కప్పుకి, పోయింది పోగా, ఏడాదికి 80 వేల లీటర్లు దక్కుతాయి. మొదటి వాన మాత్రం బయటికి వదిలేయాలి. వాళ్లలా తొట్టి నేలలో తవ్వించకండి. మన దగ్గర ఆరడుగులకే నీరు ఊరుతుంది, వరదలో ఖాళీ తొట్టి పైకి తేలుతుంది. దిమ్మ కట్టి దానిమీదే పెట్టించండి.

కాంక్రీటు కలపడానికి కూడా ఆ ఉప్పు బోరు నీళ్లు వాడకండి. 1994లో నా డాబాకి వాడాను. మేస్త్రి వద్దంటూనే ఉన్నాడు, ఇంజినీర్ని కదా, నేను వినలేదు. పదేళ్లు తిరక్కుండా చువ్వలు తుప్పెక్కి ఉబ్బి, శ్లాబు అడుగు పెచ్చులు పెచ్చులుగా మంచం మీద రాలింది.

స్పెయిన్‌కి చెందిన ఫోర్మెంటెరా దీవిలో సర్కారు 14 అద్దె ఇళ్లు కట్టించింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు గడ్డిని ఎండబెట్టి, వేడి దిగకుండా కప్పులో పరిచారు. నాకు నచ్చింది అదీ. మీ తోటలో కొబ్బరి పీచు గుట్టలుగా ఉంటుంది కదా, పడమటి గదికి సీలింగు పైన పరిపించి చూడండి. చెద మందు ముందే కొట్టించాలి సుమా.

నీలం తలుపులంటారా, అవి అబ్బాయి ముచ్చటకే వదిలేయండి. బందులు మాత్రం ఇత్తడివి వేయించండి, ఇనపవైతే ఉప్పుగాలికి మూడేళ్లు ఆగవు.