రక్తం ఆడుతోంది... మరి వేళ్లకు స్పర్శ ఎందుకు లేదు?

ప్రశ్న: మావారికి 36 ఏళ్లు. కిటికీలకు అద్దాలు బిగించే పని. 5 వారాల క్రితం అద్దం పగిలి కుడి మోచేతికి కాస్త పైన, లోపలివైపు లోతుగా కోసుకుపోయింది. తెగిన ధమనికి కాలి నుంచి సిర తీసి వేశారు. ముంజేతిని కూడా నిలువునా కోసి, వారం తర్వాత కుట్లు వేశారు. మణికట్టు దగ్గర నాడి బాగానే కొట్టుకుంటోంది. కానీ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారే ఉన్నాయి. ఆపరేషన్ సరిగా జరగలేదా?

జవాబు: నాడి బాగా అందుతోందంటే ధమని పని చేస్తున్నట్టే. మీరు చెప్పిన మూడు వేళ్లకూ స్పర్శనిచ్చేది మీడియన్ నరం. గాయమైన చోట అది ధమనిని ఆనుకునే వెళ్తుంది కాబట్టి గాజు దాన్నీ కోసి ఉండొచ్చు. డిశ్చార్జి కాగితాల్లో నరం తెగిందని రాశారా, నలిగిందని రాశారా, తెగితే కుట్టారా... ఇది తెలుసుకోండి. మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

కుట్టిన నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. గాయం నుంచి వేలి కొసకు 40 సెంటీమీటర్లు అనుకున్నా ఏడాది దాటుతుంది. అందుకే 5 వారాలకే నిరాశ వద్దు. మణికట్టు నుంచి మచ్చ వైపు పైకి వేలితో మెల్లగా తట్టుకుంటూ వెళ్తే ఒకచోట వేళ్లలోకి జివ్వుమని షాక్ కొట్టినట్టుంటుంది. మచ్చ నుంచి అక్కడికి ఎంత దూరమో నెలకోసారి టేపుతో కొలిచి రాసిపెట్టండి. నెలకు 2, 3 సెంటీమీటర్లు దిగుతుంటే నరం పెరుగుతున్నట్టే. నరంలో, కండరంలో విద్యుత్ సంకేతాలు ఎలా ఉన్నాయో చూసే నర్వ్ కండక్షన్, ఈఎంజీ పరీక్షలు ఇప్పుడు చేయించొచ్చు. మొదటి మూడు వారాల్లో చేస్తే ఫలితం నమ్మలేం. మూడు నెలలకూ ఆ షాక్ కొట్టే చోటు కిందికి దిగకుంటే చేతి నరాలకు ఆపరేషన్ చేసే ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించండి. మరీ ఆలస్యమైతే కండరాలు ఎండిపోతాయి, ఆ తర్వాత నరం అందుకున్నా పట్టు రాదు.

నలిగిన ధమని కొసలు కత్తిరించాక ఖాళీ మిగులుతుంది. లాగి కుడితే బిగుతుకు అతుకు మూసుకుపోతుంది, అందుకే కాలి సిర. దాని కవాటాలు రక్తానికి అడ్డుపడకుండా తిరగేసి కుడతారు. ఇక ముంజేతి కోత: చాలాసేపు రక్తం అందని కండరాలు, రక్తం తిరిగి రాగానే ఉబ్బి తమను తామే నలిపేసుకుంటాయి. ఆ ఒత్తిడి తగ్గించడానికే కోత పెట్టారు. మచ్చ పెద్దదని బాధపడకండి.

రాసిచ్చిన ఆస్పిరిన్ సొంతంగా ఆపొద్దు. బీడీ, సిగరెట్ ఒక్కటి కూడా వద్దు. ఆ చేతికి బీపీ పట్టీ, సెలైన్ సూది వద్దనండి. మచ్చ మీద నూనె మర్దనా వద్దు. ఎడమచేత్తో కుడి వేళ్లను, మణికట్టును పూర్తిగా చాచి ముడవాలి. ఒక్కోటి 10 సార్లు, రోజుకు నాలుగైదు విడతలు. వేడి టీ గ్లాసు కుడిచేతికి ఇవ్వకండి, బొబ్బ లేచేదాకా కాలినట్టే తెలియదు. బరువులు ఎత్తడం సర్జన్ డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూపే స్కాన్) చూసి సరేనన్నాకే. అద్దాల పని మాత్రం స్పర్శ వచ్చేదాకా మానాల్సిందే.

చెయ్యి హఠాత్తుగా పాలిపోయి చల్లబడినా, నాడి అందకపోయినా, మచ్చ కింద కొట్టుకునే గడ్డ కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్ ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లండి. రక్తం ఆగి 6 గంటలు దాటితే కండరం దక్కడం కష్టం.