ఇంటర్వ్యూకి వెళ్ళే ముందు ఒకసారి చదువు తల్లీ

తల్లీ,

నువ్వు ఫోటో తీసి పంపిన డీడబ్ల్యూపీ ఉత్తరం, అదే ఇక్కడ బ్రిటన్‌లో ప్రభుత్వ సాయం చూసే శాఖది, నిదానంగా చదివాను. మీ ఆయనతో కాపురం చేస్తూనే, ఒంటరిదాన్నని చెప్పి యూనివర్సల్ క్రెడిట్ అనే నెలవారీ సాయం తీసుకుంటున్నావన్నది వాళ్ళ అనుమానం. రాత్రంతా నిద్రపోలేదని రాశావు. పోకపోవడంలో వింత లేదు. కానీ ఇప్పుడు నీకు కావాల్సింది ధైర్యవచనాలు కాదు, పని. రిటైరయ్యాక ఇలాంటి ఉత్తరాలు పట్టుకొచ్చే ఆడపిల్లల పక్కన కూర్చోవడమే నా పనైపోయింది కాబట్టి, తెలిసినంతవరకు రాస్తున్నాను.

ముందు ఆ ఉత్తరంలో ఉన్న 'ఇంటర్వ్యూ అండర్ కాషన్' అనే మాట చూడు. వాళ్ళు కంప్లయన్స్ ఇంటర్వ్యూకని పిలిస్తే అది వేరు. వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం, అంతే. ఇది అలా కాదు. మోసం జరిగిందన్న అనుమానంతో పిలుస్తున్నారు, మాటలు రికార్డు చేస్తారు. మొదట్లోనే ఒక హెచ్చరిక చదువుతారు. నువ్వు ఏమీ చెప్పనక్కర్లేదని, కానీ ఇప్పుడు చెప్పని సంగతిని తర్వాత కోర్టులో చెప్పుకుంటే అది నీకు ఇబ్బంది కావచ్చని, చెప్పిన ప్రతి మాటా సాక్ష్యంగా వాడొచ్చని దాని సారాంశం. అందుకే లాయర్ లేకుండా ఆ గదిలోకి అడుగు పెట్టొద్దు. 'తప్పు చేయనిదాన్ని, నాకు లాయర్ ఎందుకు ఆంటీ' అన్నావు ఫోన్‌లో. తప్పు చేయనివాళ్ళే ఎక్కువ మాట్లాడతారమ్మా, అందుకే కావాలి. ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకి లీగల్ ఎయిడ్, అంటే ప్రభుత్వ ఖర్చుతో లాయర్, దొరికే అవకాశం ఉంటుంది, రేపే ఉచితంగా సలహా ఇచ్చే లా సెంటర్‌కి గానీ సిటిజెన్స్ అడ్వైస్‌కి గానీ ఫోన్ చెయ్యి. లాయర్ దొరికేదాకా తేదీ మార్చమని అడగడం తప్పేమీ కాదు. మానెయ్యడం మాత్రం వద్దు. మానేస్తే వాళ్ళ దగ్గరున్న కాగితాలతోనే నిర్ణయం రాసేస్తారు.

ఎవరు చెప్పుంటారా అని పక్కింటివాళ్ళని, గుడిలో కలిసే వాళ్ళని ఒక్కొక్కరినీ అనుమానిస్తున్నావు. ఆపెయ్యి. ఎవరో ఫోన్ చేసి చెప్పుండొచ్చు, లేదా మనిషనేవాడే లేకుండా కంప్యూటరే పట్టేసి ఉండొచ్చు. మీ ఆయన బ్యాంకు ఉత్తరాలు, కారు ఇన్సూరెన్స్ ఇంకా నీ అడ్రస్‌కే వస్తున్నాయి కదా. క్రెడిట్ రికార్డుల్లో ఒకే అడ్రస్‌లో రెండు పేర్లు కనబడితే చాలు. ఈ లెక్కలు ఎంత గుడ్డిగా పోతాయో చెప్పనా? 2014లో, టాక్స్ క్రెడిట్లు అనే పాత ప్రభుత్వ సాయంలో తప్పులు పట్టే పని కాన్సెంట్రిక్స్ అనే ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. వాళ్ళు ఒక పిల్లని జోసెఫ్ రౌన్‌ట్రీ అనే ఆయనతో కాపురం చేస్తున్నావన్నారు. ఆయన 1925లోనే పోయాడు! ఆయన పేరు పెట్టుకున్న సంస్థవాళ్ళ ఇంట్లో ఆ పిల్ల అద్దెకుండేది, అంతే సంగతి. పార్లమెంటు కమిటీ దాకా వెళ్ళింది గొడవ, ఆ కాంట్రాక్టు పొడిగించలేదు. కాబట్టి వాళ్ళ దగ్గర ఏదో ఉందంటే నిజమంతా ఉందని కాదు.

ఇప్పుడు అసలు విషయం. వాళ్ళు తేల్చాల్సింది నీ ఇంటికి మగమనిషి వస్తున్నాడా అని కాదు. మీ ఇద్దరిదీ ఒకే కాపురమా అని. వారానికి మూడు రాత్రులు ఉంటే భార్యాభర్తల కిందే లెక్క అని నీకెవరో చెప్పారట. అలాంటి రూలు ఎక్కడా లేదు. పెళ్ళి కాని ఇద్దరి విషయంలో అయితే 1980ల తొలినాళ్ళ కోర్టు తీర్పుల నుంచి ఆరు సంగతులు చూస్తూ వస్తున్నారు: ఒకే ఇంట్లో ఒకే సంసారంగా ఉన్నారా, ఆ బంధం నిలకడ ఎంత, డబ్బు ఎలా నడుస్తోంది, శారీరక సంబంధం, పిల్లలు, నలుగురిలో తమని తాము ఎలా చెప్పుకుంటున్నారు. ఏ ఒక్కటీ ఒంటరిగా సరిపోదు, అన్నీ కలిపి చూడాలి. నీ కేసులో ఇంకో మలుపుంది. విడాకులు ఇంకా కాలేదు కాబట్టి చట్టం దృష్టిలో మీరు పెళ్ళైనవాళ్ళే. కనుక ప్రశ్నంతా ఒక్కదాని మీదికే వస్తుంది. 2012 నాటి వెల్ఫేర్ రిఫార్మ్ చట్టం ప్రకారం పెళ్ళైన ఇద్దరు ఒకే సంసారంలో ఉంటేనే జంట. కాగితం మీద భర్త అయినంత మాత్రాన కాదు. ఒకే కప్పు కింద ఉంటూ కూడా వంట, సరుకులు, బట్టలుతకడం, బిల్లులు అన్నీ విడివిడిగా నడుపుకుంటే వేర్వేరు సంసారాలే అనిపించుకోవచ్చు. మీ ఆయన మిల్టన్ కీన్స్‌లో గది తీసుకుని ఉంటున్నాడు, శనాదివారాలు పిల్లల కోసం హౌన్‌స్లోలో నీ ఇంటికి వస్తాడు. ఇది చెప్పుకోదగ్గ కేసే.

చిక్కు ఎక్కడుందో నీకు తెలుసు, నాకూ తెలుసు. పోయిన వేసవిలో గుంటూరులో పాప ఓణీల ఫంక్షన్ చేశారు. మీరిద్దరూ పీటల మీద కూర్చున్నారు. ఇరువైపులవాళ్ళూ ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టారు. విడిపోయారన్న సంగతి మీ అమ్మగారికి తప్ప ఎవరికీ తెలియదు. మీ అత్తగారివాళ్ళు 'లండన్‌లో మా అబ్బాయి, కోడలు' అనే రాశారు. ఇక్కడి ఆఫీసరు ఆ ఫోటో చూసి ఏమనుకుంటాడు? నలుగురిలో భార్యాభర్తలుగా చెప్పుకుంటున్నారనే అనుకుంటాడు. పరువు కోసం మనం దాచుకున్నదే ఇక్కడ మన మీద సాక్ష్యమై కూర్చుంటుంది. మన తెలుగు పిల్లల కేసుల్లో నేను చూసిన పెద్ద సమస్య ఇదే, లెక్కల్లో తేడా కంటే కూడా.

అందుకని ఆ ఫోటోలు తీసెయ్యొద్దు, తీసెయ్యమని ఎవరికీ చెప్పొద్దు. తీసేస్తే దాచడానికే తీశావంటారు. పీటల మీద తల్లిదండ్రులు కూర్చోవాలి, అమ్మా నాన్నా ఇద్దరూ బతికుండి ఒకరే కూర్చుంటే ఆ పిల్ల గురించి ఊరంతా ఏమంటుందో మామూలు మాటల్లో చెప్పు. వచ్చింది ఏ ఫ్లైట్‌లో, దిగింది ఎవరింట్లో, టికెట్ల డబ్బు ఎవరిచ్చారు, ఇవి కూడా చెప్పు. నువ్వు మీ అమ్మగారింట్లో, ఆయన వాళ్ళింట్లో దిగారు కదా, ఫోటో కంటే అది బలమైన సంగతి. మీ అమ్మగారిని ఒక ఉత్తరం రాయమను. ఎప్పటినుంచి విడిగా ఉంటున్నారు, తనకెలా తెలుసు, ఎందుకు బయటికి చెప్పలేదు, సొంత మాటల్లో, తెలుగులోనే. అనువాదం లాయర్ చూసుకుంటాడు. మీ నాన్నగారికి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. నన్నడిగితే చెప్పెయ్యమనే అంటాను. ఆయనకి నువ్వనుకునేంత తెలియకుండా ఏమీ ఉండదు.

కాగితాలకొస్తే, ముందు మీ ఆయనవి కావాలి. మిల్టన్ కీన్స్ గది అద్దె ఒప్పందం, అద్దె కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, అక్కడ డాక్టరు దగ్గర పేరు నమోదు, ఆఫీసుకి ఇచ్చిన అడ్రస్. అడగడానికి నీకు అహం అడ్డొస్తుందని తెలుసు. అయినా అడుగు, లేదా లాయర్ చేత అడిగించు. కారు ఇన్సూరెన్స్ నీ అడ్రస్ మీద ఎందుకుందంటే ప్రీమియం తక్కువ పడుతుందని, అంతేగా? నిజమదే అయితే అదే చెప్పు. ఆ అడ్రస్ మార్చుకోవడం, దాని తలనొప్పి పడటం ఆయన పని. ఆయన్ని కాపాడటానికి నువ్వు కథ అల్లితే ఇరుక్కునేది నువ్వే.

ఆయన నెలనెలా పంపే డబ్బు గురించి గాభరా పడుతున్నావు. పిల్లల పోషణకి విడిపోయిన తండ్రి ఇచ్చే డబ్బుని యూనివర్సల్ క్రెడిట్‌లో ఆదాయంగా లెక్కించరు, ఒక్క పెన్నీ కూడా. దాచాల్సిన అవసరమే లేదు. దాచినందుకే ఎంతమంది అబద్ధాలాడేవాళ్ళలా కనబడ్డారో. ఇక నుంచి అది ఒకే తేదీన, పిల్లల కోసమని రాసి బ్యాంకులోనే వెయ్యమను. నీ ఇంటి అద్దె, కరెంటు బిల్లు మాత్రం ఆయన ఖాతా నుంచి పోకూడదు. ఆ పాత జాయింట్ అకౌంట్ ఇంకా ఉంటే, అందులో ఎవరు ఎప్పుడు ఏం వాడారో స్టేట్‌మెంట్ తీసి పెట్టుకో. దాని గురించి తప్పకుండా అడుగుతారు.

మేడ మీద చిన్న గదిలో అద్దెకుండే మన తెలుగు కుర్రాడి సంగతి కూడా ముందే తేల్చుకో. యూనివర్సల్ క్రెడిట్‌లో అద్దె గది డబ్బులు ఆదాయం కింద రావు. ఫుల్ టైమ్ స్టూడెంట్ కాబట్టి అతని వల్ల కౌన్సిల్ ట్యాక్స్‌లో, అదే ఇంటి పన్నులో, ఒంటరిదానివని నీకొచ్చే 25 శాతం తగ్గింపు కూడా పోదు. కానీ ఒప్పందం లేకుండా, చేతికి నోట్లు తీసుకుంటూ ఉంటే అతన్ని కూడా వేరే రకంగా చూస్తారు. కాగితం రాసుకో, బ్యాంకులో వెయ్యమను, ఇంటి ఓనరు అనుమతి తీసుకో, అతని వీసా కాపీ పెట్టుకో. ఇంగ్లండులో గది ఇచ్చేవాళ్ళు, అద్దెకుండేవాళ్ళకి ఇక్కడ ఉండే హక్కుందో లేదో చెక్ చేసి తీరాలి.

ఆ రోజు ఎలా ఉండాలంటావా? తెలుగు దుబాసీ కావాలని ముందే రాసి పెట్టు. నీ ఇంగ్లీషు ఆఫీసుకి సరిపోతుంది, భయంలో సరిపోదు. చుట్టాలెవరూ ఆ పనికి వద్దు. వాళ్ళ దగ్గర ఏముందో ముందే చెప్పమని లాయర్ అడుగుతాడు, అది విన్నాకే మీరిద్దరూ విడిగా మాట్లాడుకోండి. అడిగినదానికి జవాబు చెప్పి ఆగిపో. మనకో అలవాటుంది, అవతలివాడు మౌనంగా ఉంటే మొహమాటపడి ఏదో ఒకటి చెప్పేస్తాం. వాళ్ళు ఊరుకుంటే నువ్వూ ఊరుకో. గుర్తులేకపోతే లేదను, ఊహించి తేదీలు చెప్పొద్దు. పడక సంగతులు అడిగితే జవాబిచ్చే ముందు లాయర్ వైపు చూడు. 'ఒప్పుకుంటే ఇక్కడితో అయిపోతుంది' అన్నట్టు మాట్లాడితే అసలు లొంగొద్దు. అడ్మినిస్ట్రేటివ్ పెనాల్టీ అని ఒకటి చూపిస్తారు. ఎక్కువ ఇచ్చామన్న డబ్బులో సగం, తక్కువలో తక్కువ 350 పౌండ్లు, ఎక్కువలో ఎక్కువ 5,000. అది అసలు డబ్బు తిరిగి కట్టడానికి అదనం. సంతకం చేసినా 14 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. కానీ లాయర్‌ని అడక్కుండా కలం పట్టుకోవద్దు. ఇంటికి వచ్చి లోపల చూస్తామంటే, కోర్టు వారెంటు లేకుండా నీ అనుమతి లేనిదే గడప దాటే హక్కు వాళ్ళకి లేదు. మర్యాదగా లాయర్ నంబరు ఇచ్చి పంపెయ్యి.

ఒక్కమాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మధ్యలో నిజంగానే మళ్ళీ కలిసి కాపురం చేసిన నెలలేమైనా ఉన్నాయా? ఉంటే నాకు చెప్పకపోయినా లాయర్‌కి చెప్పు. యూనివర్సల్ క్రెడిట్‌లో అసలు మొత్తం 25 ఏళ్ళు దాటిన ఒంటరి మనిషికి 2025-26లో నెలకి 400.14 పౌండ్లు, జంటకి 628.10 ఉండేది. జంటగా అడిగి ఉంటే మీకు ఎంత వచ్చేదో దాన్ని బాకీలోంచి తగ్గించి లెక్క కట్టమని అడగొచ్చు, బాకీ అక్కడే చాలా పడిపోవచ్చు. మోసం చెయ్యాలనే దాచారని కోర్టులో రుజువైతే మాత్రం ఏడేళ్ళ దాకా జైలు పడొచ్చు. అక్కడ మన మీద నేరం అనుమానానికి తావు లేకుండా రుజువు చెయ్యాల్సింది వాళ్ళే.

నిర్ణయం నీకు వ్యతిరేకంగా వస్తే నెలలోపు మాండేటరీ రీకన్సిడరేషన్, అంటే వాళ్ళ నిర్ణయాన్ని వాళ్ళే మళ్ళీ చూడమని, అడగాలి. అదీ కాదంటే మరో నెలలో ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి. అప్పీలుకి ఫీజు లేదు. ముందే ఇస్తున్న డబ్బుని ఆపినప్పుడు, పరిస్థితి మారిందని చూపాల్సిన బాధ్యత వాళ్ళది. ట్రిబ్యునల్లో జడ్జి నీ మొహం చూసి, నీ మాట విని తేలుస్తాడు. ఆఫీసులో ఎవరో కాగితాలు తిరగేసి తేల్చినట్టుండదు. ఈలోగా నీ ఫైలు మొత్తం కాపీ ఇమ్మని రాయి, సాధారణంగా నెలలో ఇవ్వాలి.

డబ్బు మధ్యలో ఆపేస్తే ఎలా అని కదా నీ టెన్షన్. చైల్డ్ బెనిఫిట్ వేరే ఖాతా, అది ఒంటరిదానివైనా జంటవైనా వస్తుంది, దానితో దీనికి ముడి లేదు. యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ ఖాతాలో ఉండే జర్నల్‌లో ఆ రోజే రాసి, ఎందుకు ఆపారో అడుగు. అద్దె సంగతి ఓనరుకి ముందే చెప్పు. కౌన్సిల్‌లో అత్యవసర సాయం అడుగు. సౌతాల్ గురుద్వారాలో ఎవరికైనా అన్నం పెడతారు, పిల్లల్ని తీసుకుని వెళ్ళు, మొహమాటం వద్దు. నేను వెళ్తూనే ఉంటాను.

గురువారం లోపు స్టేట్‌మెంట్లు, ఉత్తరం, ఆయన కాగితాలు స్కాన్ చేసి లాయర్‌కి పంపు. అసలువి నీ దగ్గరే ఉంచుకో, ఎవరడిగినా కాపీలే ఇవ్వు. ఇంటర్వ్యూ గంటలో తేలిపోతుందని అనుకోకు. ఆ రోజు పిల్లల్ని స్కూల్ నుంచి నేను తీసుకొస్తాను, ఆఫీసులో నా పేరు ముందే రాయించు, లేకపోతే నాకు అప్పగించరు.

మీ ఆంటీ