35 శాతం నల్ల ఫిల్మ్ వద్దండీ

విజయవాడ ఎండకి కారులో కూర్చోలేకపోతున్నాం, షాపువాళ్లు 35 శాతం నల్ల ఫిల్మ్ (అంటే 35 శాతం వెలుతురే లోపలికి వదిలేది) వేస్తామంటున్నారు, వేయించుకోవచ్చా అని అడిగారు కదా. వద్దండీ.

రూల్ ప్రకారం ముందు, వెనక అద్దాల నుంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల నుంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. పైగా కంపెనీ అద్దమే కొంత వెలుతురు ఆపేస్తుంది. అద్దం 75 శాతం వదిలేదైతే, దాని మీద 50 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 37 చిల్లర. అందుకే పక్క అద్దాలకి 70 శాతం ఫిల్మ్ అడగండి. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు తీసేయమంది. తర్వాత రూల్స్ మారాయి. 2024లో కేరళ హైకోర్టు పరిమితిలో ఉన్నవాటికి ఫైన్ వేయొద్దంది. అయినా నడిరోడ్డు మీద కానిస్టేబుల్‌కి తీర్పులు వినిపించే ఓపిక ఎవరికుంది? బిల్లు, వారంటీ కార్డు కారులోనే ఉంచండి.

వేడి తగ్గడానికి నలుపు అక్కర్లేదు. సిరామిక్ ఫిల్మ్ నల్లగా లేకుండానే ఇన్‌ఫ్రారెడ్‌ని, అంటే ఎండలో వేడినిచ్చే కంటికి కనపడని కిరణాల్ని, ఆపుతుంది. ఖరీదు ఎక్కువే. చవక రంగు ఫిల్ములు మాత్రం కొన్నాళ్లకి ఊదారంగులోకి తిరుగుతాయి. షాపులో హీట్ ల్యాంప్ ముందు శాంపిల్ పెట్టించి, వెనక చెయ్యి పెట్టి చూడండి. ముందు అద్దానికి మెటల్ ఫిల్మ్ (లోహపు పొర ఉన్నది) వేయించొద్దు, ఫాస్టాగ్ చదవడం కష్టమవుతుంది.

వేశాక నాలుగైదు రోజులు అద్దాలు దించకండి. చిన్న నీటి బుడగలకి టెన్షన్ పడొద్దు, ఆరిపోతాయి. లోపల దుమ్ము నలకలు కనిపిస్తే మాత్రం అవి పోవు, డబ్బులిచ్చే ముందే మళ్లీ వేయించుకోండి.