నైట్ డ్యూటీల చిట్టికి పిన్ని రాసేది

చిట్టీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. "ఈ ఉద్యోగానికి కావలసిన గుండె నాకు లేదేమో పిన్నీ" అన్నావు. ముప్పై రెండేళ్లు పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరైన నాకూ ఆ గుండె ఉండేది కాదు. మొదటి నెలంతా ఆసుపత్రి స్టాపులో బస్సు దిగగానే కడుపులో దేవేది.

ఒక రాత్రి విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయిన ఏడాదిన్నర బిడ్డను తెచ్చారు. కళ్లు గుంటలు పడ్డాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడుతోంది. సెలైన్ ఎక్కించడానికి నరంలోకి కాన్యులా పెట్టాలి. ఒక చేతికి నరం దొరకలేదు. రెండో చేతికి దొరికినట్టే దొరికి ఉబ్బిపోయింది. తల్లి నా మొహం వంక కాదు, నా వేళ్ల వంకే చూస్తోంది. అవి వణుకుతున్నాయి మరి. మా సీనియర్ సిస్టర్ వచ్చి ట్రే అందుకుని, "పో, చేతులు కడుక్కుని రా" అంది. అంతే, తిట్టలేదు. నేను వచ్చేసరికి బిడ్డ పాదం మీద నరం చూసిపెట్టి, సూది మళ్లీ నా చేతికే ఇచ్చింది. ఈసారి పడింది.

ఆవిడే గుచ్చి ఉంటే బిడ్డకు తేడా ఉండేది కాదు. నాకే ఉండేది.

చాలా ఏళ్ల తర్వాత ఒక ట్రైనింగులో విన్నాను, ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లోనే ఈ మాట రాశాడని. నావల్ల అవుతుందన్న నమ్మకం ఎవరో ధైర్యం చెబితే కొంత వస్తుంది, తోటివాళ్లు చేస్తుంటే చూసినా వస్తుంది. కానీ గట్టిగా నిలిచేది మాత్రం మనమే చేసి గట్టెక్కినప్పుడు వచ్చేదే. అందుకని ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకో. డ్యూటీ దిగాక ఆ రాత్రి నీ చేత్తో అయిన పని ఒక్కటి రాయి. "ఏడో బెడ్డు తాతకి జ్వరం దిగింది, తడిగుడ్డ వేసింది నేనే" చాలు. పొగడ్తలు రాసుకోకు, చదివితే నీకే నవ్వొస్తుంది.

రెండోది. రిచర్డ్ లాజరస్ అనే ఇంకో ఆయన చెప్పిందాని ప్రకారం, టెన్షన్ వచ్చినప్పుడు మనసు రెండు లెక్కలు వేస్తుంది. దీనివల్ల నాకు వచ్చే ముప్పేమిటి, నా చేతిలో ఉన్నదేమిటి. మనలాంటి వాళ్లం మొదటి లెక్క దగ్గరే రాత్రంతా కూర్చుంటాం. "పద్దెనిమిది బెడ్లు, నేనొక్కదాన్నే" అనుకుంటే కాళ్లాడవు. "ముందు ఆక్సిజన్ మీదున్న ఇద్దరు, తర్వాత పదింటి ఇంజెక్షన్లు" అనుకుంటే ఆడతాయి. ముందు షిఫ్టు వాళ్ల దగ్గర హ్యాండోవర్ తీసుకుంటున్నప్పుడే ఆ వరస కాగితం మీద వేసుకో. అప్పటికీ గుండె దడదడలాడితే ఊపిరి పీల్చినదానికంటే నెమ్మదిగా, ఎక్కువసేపు వదులు. అలా ఓ ఐదారుసార్లు. యోగా మాస్టార్లు చెబితే నేను నవ్వేదాన్ని, కానీ పనిచేస్తుంది.

ఇక్కడ ఒక్కమాట. మనోధైర్యం పెంచుకోమని చెప్పి ఇద్దరి పని ఒకరితో చేయించేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఒకచోట మూడు వారాలు వరసగా నైట్లు వేశారు నాకు. తెల్లవారుజామున మందు డోసు తప్పు చదివాను. పక్కనున్న అమ్మాయి చూసి ఆపింది కాబట్టి సరిపోయింది. నా మనసు గట్టిది కాదనుకుని నెల రోజులు కుమిలిపోయాను. కారణం నిద్ర లేకపోవడం, అంతే. నీకూ అలా వేస్తే నోటితో చెప్పి ఊరుకోకు, రాసి ఇవ్వు, కాపీ దగ్గర పెట్టుకో.

పేషెంటు పోయిన రోజు బాత్రూములో ఏడ్చానన్నావు. ఏడువు. కానీ ఇంటికొచ్చాక ఎవరో ఒకరితో అను, లోపల పెట్టుకుని పడుకోకు. సెలవు రోజు కూడా నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, బతుకు మీద విసుగు పుట్టినా 14416కి ఫోన్ చెయ్యి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం 2022లో పెట్టిన ఫోన్ లైను, టెలిమానస్ అది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మన నర్సులం అందరికీ ఆ నంబరు ఇస్తాం, మనం మాత్రం చెయ్యం.

వచ్చే నెల రోస్టరు రాగానే నైట్లు ఏ తారీఖులో పంపు. ఆ రోజుల్లో పొద్దున్న తొమ్మిదింటికి, నువ్వు పడుకోకముందే ఫోన్ చేస్తాను. అమ్మకి ఈ ఉత్తరం చూపించకు, కంగారు పడుతుంది.

మీ పిన్ని