లూర్ దూరం పోవట్లేదు: లాంగ్‌కాస్ట్ స్పూల్ కొనాలా?

చేపలు పట్టడానికి మీ సెటప్ 4000 సైజు స్పిన్నింగ్ రీల్, 9 అడుగుల రాడ్, రీల్‌లో లైన్ చుట్టుకునే స్పూల్‌కి నేరుగా చుట్టిన 150 మీటర్ల 0.20 మి.మీ. బ్రెయిడ్ (సన్న పోగులు అల్లిన లైన్). విశాఖ బీచ్‌లో 30 గ్రాముల లూర్ (నకిలీ ఎర) అనుకున్నంత దూరం పోవట్లేదనీ, మధ్యమధ్యలో లైన్ గుత్తులుగా ముడిపడుతోందనీ అన్నారు. దూరం విసరడానికి చేసిన లాంగ్‌కాస్ట్ స్పూల్ కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. ఉన్నదాన్ని ముందు నిండుగా చుట్టి చూడండి.

విసిరినప్పుడు ఈ రకం రీల్‌లో స్పూల్ తిరగదు, లైన్ ఒక్కో చుట్టే ముందు అంచు మీదుగా జారి బయటికి పోతుంది. లైన్ మట్టం ఎంత లోతులో ఉంటే అంచు దగ్గర అంత ఎక్కువ వంగుతుంది, అంత ఎక్కువగా రాసుకుంటుంది. దూరం ఎక్కువగా తగ్గిపోయేది అక్కడే. మట్టం అంచుకి 1.5 నుంచి 2 మి.మీ. కింద ఉండాలి.

మీది ఎంత ఖాళీగా ఉందో లెక్క వేయొచ్చు. స్పూల్ మీద 0.30-180 అని ఉందనుకుందాం, అంటే 0.30 మి.మీ. మోనో (ఒకే పోగు నైలాన్ లైన్) 180 మీటర్లు పడుతుంది. స్పూల్‌లో చోటుకి కొలతగా 0.30 × 0.30 × 180 = 16.2. మీ బ్రెయిడ్‌కి 0.20 × 0.20 × 150 = 6. సగం కూడా నిండలేదన్నమాట! మిగిలిన 10.2ని 0.09తో (0.30 × 0.30) భాగిస్తే 113 వస్తుంది. అన్ని మీటర్ల 0.30 మోనో అడుగున చుట్టాలి. ప్యాకెట్ మీద రాసినదానికన్నా బ్రెయిడ్ లావుగానే ఉంటుంది చాలాసార్లు, అందుకని 100 మీటర్లతో మొదలుపెట్టండి. చవక మోనో చాలు. పైగా నున్నటి స్పూల్ మీద నేరుగా చుట్టిన బ్రెయిడ్ లాగుడు పడినప్పుడు మొత్తంగా గిర్రున తిరిగిపోతుంది, డ్రాగ్ (చేప లాగినప్పుడు లైన్‌ని ఆపే బ్రేకు) ఎంత బిగించినా ఆగదు. మోనో ఉంటే ఆ బాధ తప్పుతుంది. బ్రెయిడ్‌ని తడిగుడ్డతో పట్టుకుని బిగువుగా చుట్టండి.

ముడుల సంగతి వేరు. చుట్టిన లైన్‌ని పక్కనుంచి చూడండి. అంచు వైపు ఉబ్బుగా, వెనక సన్నగా ఉంటే ముందు చుట్టలు నాలుగైదు ఒకేసారి ఊడి వస్తాయి, ఆ గుత్తే గైడ్‌లో (రాడ్ మీద లైన్ దూరే రింగ్) ఇరుక్కుంటుంది. డ్రాగ్ నాబ్ విప్పి స్పూల్ తీస్తే షాఫ్ట్ మీద సన్నటి వాషర్లు కనిపిస్తాయి. ముందు ఉబ్బితే ఒక వాషర్ వేయండి, స్పూల్ కాస్త పైకి లేచి లైన్ వెనక్కి జరుగుతుంది. వెనక మరీ ఉబ్బితే ఒకటి తీయండి. ఒక్కోటే మార్చి, మొత్తం మళ్లీ చుట్టి చూడాలి. తీసినప్పుడు మాత్రం స్పూల్ కింది భాగం రోటర్‌కి (హ్యాండిల్ తిప్పితే స్పూల్ చుట్టూ తిరిగే భాగం) తగలట్లేదని చేత్తో తిప్పి చూసుకోండి. ముందు వైపు కొద్దిగా సన్నగా ఉండటమే బ్రెయిడ్‌కి మంచిది.

అంచుకి మించి నింపినా, బెయిల్‌ని (విసిరే ముందు తెరిచే తీగ కమ్మీ) హ్యాండిల్ తిప్పి మూసినా ముడులు తప్పవు. బెయిల్ చేత్తో మూసి, లైన్‌ని ఒకసారి బిగించి లాగి, అప్పుడు తిప్పండి.

రీల్‌ని రాళ్ల మీద పెట్టే అలవాటుంటే అంచు మీద దూది రుద్దండి. పోగు పట్టుకున్న చోట గీత ఉన్నట్టే. 2000 నంబర్ నీటి ఎమరీ పేపర్‌తో అంచు వెంబడే మెల్లగా నునుపు చేయొచ్చు. లోతుగా తెగిన గీతైతే స్పూల్ మార్చాల్సిందే.

ఇక లాంగ్‌కాస్ట్ స్పూల్. వ్యాసం పెద్దది, చుట్టే వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. లైన్ పోతున్నకొద్దీ మట్టం త్వరగా దిగిపోకుండా ఉండటమే దాని అసలు ప్రయోజనం. 48 మి.మీ. వ్యాసం, 18 మి.మీ. వెడల్పున్న స్పూల్ నుంచి 70 మీటర్ల 0.20 బ్రెయిడ్ పోతే మట్టం దిగేది సుమారు 1 మి.మీ. మాత్రమే. 60 వ్యాసం, 25 వెడల్పున్న దాంట్లో 0.6. ఈ తేడా కోసం డబ్బు పెట్టడం నా దృష్టిలో దండగ. అదే 0.35 మోనో అయితే 3.2 మి.మీ.కి బదులు 1.8 దిగుతుంది, అది చేతికి తెలుస్తుంది. సీసం గుండు, లావు మోనోతో అలల అవతలికి విసిరేవాళ్లు కొనుక్కోవచ్చు. వాళ్లు కూడా రాడ్ మొదటి గైడ్ చూసుకోవాలి: పెద్ద స్పూల్ నుంచి చుట్టలు పెద్దవిగా వస్తాయి, ఆ రింగ్ చిన్నదైతే లైన్ దానికి కొట్టుకుని అక్కడే వేగం పోతుంది.