రంగుటద్దాల కిటికీలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఇంగ్లండులో కొన్ని పాత చర్చిల కిటికీల్లో ఏడు దివ్యసంస్కారాలూ (కథోలిక క్రైస్తవుల ఏడు పవిత్ర క్రియలు) ఒకేచోట ఉంటాయట. ఏ బొమ్మ దేనిదో పోల్చుకోవడమెలా?

జవాబు: డెవన్ కౌంటీలోని డాడిస్కమ్స్‌లీ అనే చిన్న ఊరి చర్చిలో, 15వ శతాబ్ది చివరినాటి కిటికీ ఉంది. నడుమ క్రీస్తు, ఆయన గాయాల నుంచి ఒక్కో దృశ్యానికీ ఒక్కో ఎర్ర గీత. (ఇప్పుడున్న క్రీస్తు బొమ్మ 19వ శతాబ్దంలో పెట్టింది. చుట్టూ ఉన్నవి పాతవి.)

గీత ఎక్కడ ఆగిందో అక్కడ చూడండి. ఇలాంటి కిటికీల్లో తొట్టిలో బట్టల్లేని పసిబిడ్డ కనిపిస్తే జ్ఞానస్నానం, మంచం పక్కన గురువు (ఫాదరు) ఉంటే అవస్థాభ్యంగనం (జబ్బుపడ్డవారికి నూనె పూయడం), చేతులు కలిపితే జ్ఞానవివాహం (పెళ్లి), పీఠం దగ్గర పూజ జరుగుతుంటే దివ్యసత్ప్రసాదం (అప్పద్రాక్షరసాల విందు). తికమకపెట్టేవి రెండు, ఎందుకంటే రెంటిలోనూ కొనదేలిన టోపీతో బిషప్పే ఉంటాడు. ఎదురుగా చంకబిడ్డలుంటే భద్రమైన అభ్యంగనం (జ్ఞానస్నానాన్ని స్థిరపరచడం), మోకరించిన పెద్దవాళ్లుంటే గురుపట్టం (ఫాదరుగా నియమించడం). ఆ రోజుల్లో భద్రమైన అభ్యంగనం ఎక్కువగా పసివాళ్లకే ఇచ్చేవారు. ఏడోదైన పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) చెక్క గది కోసం వెతక్కండి, అది 16వ శతాబ్దంలో వచ్చింది. ఇక్కడ గురువు కుర్చీలో కూర్చుంటాడు, అంతే.

ప్రశ్న: ఆ ఎర్ర గీత కుంచెతో వేసిందేనా?

జవాబు: కాదు. అప్పటి కుంచె రంగు గోధుమ-నలుపే. కాల్చిన రాగినీ గాజునూ మెత్తగా నూరి, ద్రాక్షసారాయితోనో మూత్రంతోనో కలపమని 12వ శతాబ్దంలో తియోఫిలస్ అనే సన్యాసి రాశాడు. 14వ శతాబ్దంలో వెండితో పసుపు వచ్చింది. ఎరుపు మాత్రం కొలిమిలోనే గాజులో కలవాలి.

చిక్కంతా అక్కడే. రాగితో వచ్చే ఎరుపును పలక మందమంతా నింపితే వెలుగు దూరదు, నల్లగా కనిపిస్తుంది. అందుకే తెల్లగాజు ముద్దను కరిగిన ఎర్రగాజులో ముంచి ఊదేవారు. విరిగిన అంచును పక్క నుంచి చూడండి: తెల్లటి మందం మీద ఉల్లిపొరంత ఎరుపు.

కోయడానికి వజ్రం లేదు. ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీని అంచున ఆనిస్తే బీట పడుతుంది, దాన్ని కడ్డీతో నడిపించాలి. బీట రాకపోతే వేలితో ఉమ్మి రాయమన్నాడు తియోఫిలస్! తర్వాత గాడి ఉన్న ఇనుప పనిముట్టుతో అంచును కొరికి సరిచేస్తారు. సన్నని పొడవాటి ముక్క ఈ పనిలోనే విరుగుతుంది కాబట్టి గీతను పొట్టి ముక్కలుగా అతకడమే మేలు. ముక్కలను కలిపే సీసపు పట్టీ రెండు పక్కలా గాజును కప్పుతుంది. ఆ లెక్క వేయకుండా కోస్తే గీత సీసం కిందే మాయమవుతుంది.

ప్రశ్న: మా చర్చి కిటికీ లోపలికి ఉబ్బింది. తట్టితే టకటకమంటోంది. తోసి సరిచేయవచ్చా?

జవాబు: తోయకండి, మూలల్లో గాజు పగులుతుంది. ముందు అడ్డ ఇనుప కడ్డీకి, సీసంతో అతికిన పలకను కట్టిన రాగి తీగలు తెగాయేమో చూడండి. సీసం గట్టిగా ఉంటే మళ్లీ కట్టడంతో సరిపోవచ్చు. టకటకమంటోందంటే పట్టీలోని పుట్టీ రాలిపోయింది. అతుకుల దగ్గర సీసం చీలి ఉంటే మాత్రం పలక విప్పక తప్పదు. అది నేర్చినవాళ్ల పని. తిన్నని కర్ర అడ్డంగా ఆనించి ఉబ్బును కొలిచి రాసుకోండి, వానాకాలం అయ్యాక మళ్లీ కొలవండి. సబ్బు, యాసిడ్ తాకనివ్వకండి. సరిగా కాలని రంగైతే తడి దూదికే ముఖాల గీతలు లేచిపోతాయి.

విప్పే ముందు ఫొటోలతో ఆగకండి. పలక మీద పలచని కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే సీసం గీతలన్నీ అసలు కొలతలో దిగుతాయి. ముక్కలు కలిసిపోతే ఆ కాగితమే దారి చూపిస్తుంది.