కుట్టు సందేహాలు: పసిపిల్లలకు చేత్తో కుట్టే కానుకలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పసిపిల్లల కానుకల గురించే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మిషన్ మీద సాదా కుట్టు తప్ప మరేమీ రాదు. రెండు నెలల్లో అక్కకు కాన్పు. పాపాయికి నా చేత్తో కుట్టి ఏదైనా ఇవ్వాలని ఉంది. దేనితో మొదలుపెట్టమంటారు? ఏ గుడ్డ తీసుకోవాలి?

భుజం గుడ్డతో మొదలుపెట్టండి. పాలు తాగాక బిడ్డను భుజాన వేసుకుని తేన్పు తెప్పించేటప్పుడు కింద పరుచుకునే గుడ్డ ఇది. అన్నీ తిన్నని కుట్లే, కొలత కాస్త అటూ ఇటూ అయినా నష్టం లేదు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఇవి ఎన్ని ఉన్నా చాలవు కాబట్టి ఒకటి కాదు, నాలుగు కుట్టి ఇవ్వండి.

ఒక్కోదానికి 11 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల పొడవున్న ముక్కలు రెండు కావాలి. బిడ్డ చెంప ఆనే వైపు మెత్తటి నూలు గుడ్డ లేదా ఫ్లానెల్ (పైన సన్నని నూగు ఉండే మెత్తటి గుడ్డ), వెనక టవల్ గుడ్డ. మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, అర అంగుళం వదిలి చుట్టూ కుట్టండి. తిరగదీయడానికి పొడవు అంచులో ఒకచోట 3 అంగుళాలు కుట్టకుండా ఉంచాలి. మూలల్ని కుట్టుకు 3 మిల్లీమీటర్ల దూరంలో ఏటవాలుగా కత్తిరిస్తే తిప్పాక మొద్దుగా రావు. మూలను బయటికి తోయడానికి కత్తెర మొన వాడొద్దు, కుట్టును చీల్చుకుని వచ్చేస్తుంది. మొద్దు పెన్సిల్ చాలు. ఖాళీ దగ్గర అంచుల్ని లోపలికి మడిచి ఇస్త్రీ చేసి, చుట్టూ అంచుకు 3 మిల్లీమీటర్ల లోపల పైకుట్టు వేస్తే ఖాళీ కూడా దాంతోనే మూసుకుపోతుంది. చివరగా నిలువునా మధ్యలో ఒక కుట్టు వేయండి. అది లేకపోతే ఉతికిన ప్రతిసారీ రెండు పొరలూ దేనికది జరిగి ఉబ్బెత్తుగా తయారవుతాయి.

ఇక గుడ్డ సంగతి. కోయకముందే ఉతకండి, అదీ పాపాయి తల్లి రేపు ఎలా ఉతుకుతుందో అలాగే. వేడినీళ్లలో ఉతికే ఇల్లైతే వేడినీళ్లలోనే. నూలు గుడ్డ, ఫ్లానెల్, టవల్ గుడ్డ ఒక్కొక్కటీ ఒక్కోలా కుదించుకుపోతాయి. ఉతక్కుండా కలిపి కుట్టేస్తే మొదటి ఉతుకులోనే ఒక పొర దగ్గరపడి రెండోది ముడతలు పడుతుంది. ఫ్లానెల్ మరీ ఎక్కువ కుంచించుకుపోతుంది, దాన్ని రెండుసార్లు ఉతకాలి. కొనేటప్పుడే పదో వంతు ఎక్కువ తీసుకోండి. ముదురు రంగైతే తడిపిన తెల్లగుడ్డ మీద పెట్టి ఇస్త్రీ పెట్టె అదమండి. రంగు అంటితే ఆ గుడ్డ బిడ్డ నోటి దగ్గరికి వద్దు.

ఉతికి ఆరాక గుడ్డ మీద ఒక్క నీటి చుక్క వేసి చూడండి. వెంటనే ఇంకిపోతే మంచిది. ముత్యంలా పైనే నిలబడితే మిల్లులో పట్టించిన గంజి ఇంకా పోలేదు, లేదా అందులో పాలిస్టర్ కలిసి ఉంది. మరోసారి ఉతికినా అలాగే ఉంటే వేరే గుడ్డ చూసుకోండి. ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడేందుకు పోసే ద్రవాలు వద్దు, అవి పోగుల మీద పూతలా పట్టి టవల్ గుడ్డ పీల్చుకునే గుణాన్ని తగ్గిస్తాయి.

ప్రశ్న: ముందు నూలు గుడ్డ, వెనక టవల్ గుడ్డ పెట్టి బిబ్ (బట్టలు తడవకుండా బిడ్డ మెడ కింద తొడిగే గుడ్డ) కుట్టాను. మెడ చుట్టూ ముడతలు పడ్డాయి. కుడుతుండగానే టవల్ జరిగిపోయి అంచులు కలవలేదు. వెల్క్రో నాలుగు ఉతుకులకే పట్టు వదిలేసింది. మళ్లీ కుట్టాలంటే భయంగా ఉంది.

భయం అక్కర్లేదు. మూడింటికీ కారణాలు వేరు, మూడూ సరిదిద్దుకోగలిగినవే.

మెడ గుండ్రంలో కుట్టు అవతల వదిలిన అంచు చిన్న చుట్టు. తిరగదీశాక అది పెద్ద చుట్టు వెనక పరుచుకోవాలి. పొడవు చాలదు కాబట్టి పైగుడ్డను లాగుతుంది, ముడత పడుతుంది. అందుకే ప్రతి సెంటీమీటరుకూ ఒక గాటు పెట్టాలి, కుట్టుకు 2 మిల్లీమీటర్ల ముందే కత్తెర ఆపాలి. బిబ్ కింది వంపులో ఇదే తిరగబడుతుంది. అక్కడ అంచు ఎక్కువై లోపల పోగుపడి గడ్డలుగా తెలుస్తుంది. కాబట్టి అక్కడ ఉత్త గాట్లు చాలవు, చిన్న చిన్న త్రికోణాలుగా గుడ్డను కత్తిరించి తీసేయాలి. ఈ తేడా పట్టుబడితే ఏ వంపైనా మీకు లొంగుతుంది. ఇంకొకటి, మెడ వంపులో గుడ్డ ఏటవాలుగా కోతపడుతుంది కాబట్టి చేతిలోనే సాగిపోతుంది. రెండు పొరలూ కలపక ముందే నూలు గుడ్డ మీద అంచుకు 4 మిల్లీమీటర్ల లోపల ఒక కుట్టు వేసి ఉంచండి. అసలు కుట్టు 6 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది కాబట్టి ఇది బయటికి కనబడదు. వంపుల్లో కుట్టు పొడవు 2 మిల్లీమీటర్లకు తగ్గించండి.

టవల్ జరగడానికి కారణం మిషనే. సూది కిందున్న పళ్లు కింది పొరను లాగుతుంటే, గుడ్డను పైనుంచి అదిమిపట్టే పాదం పై పొరను వెనక్కి ఆపుతుంది. మందంగా, సాగే గుణంతో ఉన్న టవల్ గుడ్డను కింద, పళ్ల వైపు ఉంచండి. వీలైతే పాదం బిగువు కొంచెం తగ్గించండి. 90 నంబరు సూది వేసి, తిన్నని చోట్ల కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు పెట్టండి. అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి మాత్రం వెనక టవల్‌ను అచ్చుకు సరిగ్గా కోయకపోవడం. చుట్టూ ఒక సెంటీమీటరు పెద్దగా కోసి, నూలు గుడ్డ అంచును చూసుకుంటూ కుట్టి, ఆ తర్వాత రెండూ సమంగా కత్తిరించండి. కాస్త జరిగినా బాధ ఉండదు. పని అయ్యాక బాబిన్ (కింది దారం చుట్టిన చిన్న చక్రం) దగ్గర మూత తీసి బ్రష్‌తో దులపండి. టవల్ నూగు అక్కడ పేరుకుంటే తర్వాతి కుట్లు తప్పుతాయి.

వెల్క్రో గరుకు వైపు ఉతుకులో నూగునంతా పట్టేసుకుంటుంది, పట్టు పోయేది అందుకే. పక్కనున్న బట్టల పోగులూ లాగుతుంది, బిడ్డ మెడ మీద గీరుకుంటుంది కూడా. నొక్కితే పట్టే ప్లాస్టిక్ ప్రెస్ బటన్లు వేయండి. వాటిని బిగించే చోట రెండు పొరల మధ్య గట్టి నూలు గుడ్డ ముక్క ఒకటి పెట్టాలి, లేకపోతే తీసేటప్పుడు బటన్ గుడ్డతో సహా ఊడొస్తుంది. ఒకవైపు రెండు సెంటీమీటర్ల ఎడంలో రెండు బటన్లు ఉంటే బిడ్డ పెరిగినా సరిపోతుంది. పెట్టాక మెడకూ బిబ్‌కూ మధ్య రెండు వేళ్లు దూరాలి. కట్టుకునే నాడాలు పెట్టొద్దని గట్టిగా చెబుతున్నాం. ఎక్కడైనా తగులుకుంటే బటన్ ఊడి వదిలేస్తుంది, ముడి వదలదు. నిద్రపుచ్చే ముందు బిబ్ తీసేయమని కూడా తల్లికి చెప్పండి.

ప్రశ్న: పసిబిడ్డకు చేతి తొడుగులు, కాలి తొడుగులు కుట్టాలి. కొలతలు చెప్పండి.

కొలతలకన్నా ముందు లోపలి పోగుల మాట. తొడుగు లోపల ఊడిన ఒక్క దారప్పోగు బిడ్డ వేలికి చుట్టుకుంటే, కదిలిన కొద్దీ బిగుస్తుంది. రక్తం ఆడక వేలు వాచిపోతుంది. బిడ్డ ఏడుస్తుంది తప్ప చెప్పలేదు, తొడుగు కప్పేసి ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లకు కనబడదు. ఇది నిజంగా జరిగే ప్రమాదం, వైద్యులకు బాగా తెలిసిన విషయం. ఓవర్‌లాక్ చేసిన (పోగులు ఊడకుండా మిషన్ మీద దారాలు అల్లిన) అంచు చూడ్డానికి శుభ్రంగా ఉన్నా, ఆ దారాల సందుల్లో చిన్న గోళ్లు ఇరుక్కుంటాయి.

కాబట్టి అంచులు మూసుకుపోయేలా రెండుసార్లు కుట్టండి. మొదట మంచి వైపులు బయటికి ఉంచి అంచుకు 3 మిల్లీమీటర్ల దగ్గర కుట్టి, ఆ అంచును 2 మిల్లీమీటర్లకు కత్తిరించాలి. తర్వాత తిరగేసి, మంచి వైపులు లోపలికి వచ్చేలా మడిచి, 5 మిల్లీమీటర్ల దగ్గర మళ్లీ కుట్టాలి. పచ్చి అంచు మడతలో ఉండిపోతుంది. కుట్టు మొదలూ చివరా మిగిలిన దారం తోకల్ని ఉత్తినే కత్తిరించి వదలకుండా సూదితో మడతలోకి దూర్చండి. పూర్తయ్యాక తొడుగును తిరగదీసి వెలుతురులో చూడండి, చిటికెన వేలు పెట్టి లోపలంతా తడమండి. వేలికి తగిలేది ఏదైనా బిడ్డకూ తగులుతుంది.

కాలి తొడుగుకు కొలత: అప్పుడే పుట్టిన బిడ్డ పాదం సుమారు 8 సెంటీమీటర్లు, ఆరో నెలకు 11 దాకా వస్తుంది. అడుగు భాగం పాదం కన్నా ఒక సెంటీమీటరు పొడవుండాలి. చీలమండ దగ్గర సన్నని ఎలాస్టిక్ కన్నా బనియన్ గుడ్డ పట్టీ మేలు, చర్మం మీద గుర్తు పడదు. చేతి తొడుగులకన్నా కాలి తొడుగులు ఇవ్వడమే మంచిదని మా ఉద్దేశం. బిడ్డ చేతులతోనే లోకాన్ని తెలుసుకుంటుంది, గీరుకోకుండా ఉండటానికి గోళ్లు కత్తిరిస్తే సరిపోతుంది.

ప్రశ్న: గుడ్డతో మెత్తటి ఘనం కుట్టి, లోపల గజ్జె పెట్టి, పైన బొత్తాలతో కళ్లు కుడదామనుకుంటున్నాను. ఏడు నెలల బాబుకు ఇవ్వవచ్చా?

ఘనం మంచి ఆలోచన, బొత్తాలు మాత్రం వద్దు. మూడేళ్ల లోపు పిల్లల ఆటబొమ్మల్ని పరీక్షించడానికి సుమారు 32 మిల్లీమీటర్ల అడ్డం ఉన్న చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయే ముక్క ఏదైనా గొంతుకు అడ్డం పడగలదని లెక్క. ఎంత గట్టిగా కుట్టినా రోజూ నములుతుంటే దారం అరుగుతుంది. కళ్లూ ముక్కూ దారంతోనే కుట్టండి. గజ్జె కూడా ఆ గొట్టంలో పట్టేదే కాబట్టి పెట్టకపోవడమే మంచిది.

5 అంగుళాల చదరాలు ఆరు కోయండి. అర అంగుళం వదిలి కుడితే 4 అంగుళాల ఘనం వస్తుంది. నాలుగింటిని వరసగా కలిపి చుట్టులా మూసి, తర్వాత పైదీ కిందిదీ అతకాలి. ప్రతి కుట్టూ మూలకు అర అంగుళం ముందే మొదలై, అర అంగుళం ముందే ఆగాలి. మూల దగ్గర మూడు కుట్లు కలుస్తాయి. ఏ ఒక్కటి అంచు దాకా పోయినా మూల విచ్చుకోదు, పీక్కుపోయి కనబడుతుంది. ఒక అంచు మధ్యలో రెండున్నర అంగుళాలు వదిలి, దూదిలాంటి పాలిస్టర్ ఫైబర్‌ను చిన్న చిన్న తుంపులుగా, ముందు మూలల్లోకి కూరండి. ఒకేసారి పెద్ద ఉండ తోస్తే గడ్డలు కడుతుంది. చేతికి కాస్త ఎక్కువే అనిపించేలా నింపండి, ఉతికాక తగ్గుతుంది. అన్ని కుట్లూ రెండేసిసార్లు వేయాలి. పక్కపక్కనున్న రెండు ముఖాలూ పట్టుకుని గట్టిగా లాగినప్పుడు సందులో దూది కనబడితే ఇంకోసారి కుట్టండి. రిబ్బన్ పెట్టాలనుకుంటే రెండు కొనలూ కుట్టులోకి పోయేలా మడిచి పెట్టండి, బయటికి ఒకటిన్నర అంగుళం చాలు. పొడుగ్గా వేలాడే రిబ్బన్ వద్దు.

ప్రశ్న: దిండు, బొంత జతగా కుట్టి ఇద్దామనుకుంటున్నాం. మెత్తగా ఉండాలంటే లోపల ఏం పెట్టాలి?

మొదటి ఏడాది బిడ్డ పడుకునే చోట దిండు, బొంత, మెత్తటి బొమ్మలు ఏవీ ఉండకూడదని పిల్లల వైద్యులు చెబుతారు. ముఖం మీదికి వస్తే తొలగించుకోలేదు. దిండు ఆలోచన మానేయండి. బొంతను మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి ఆడించడానికి ఇవ్వండి, ఆ మాట కానుకతోపాటే చెప్పండి.

ప్రశ్న: బనియన్ గుడ్డతో టోపీ కుడుతుంటే మిషన్ కుట్లు వదిలేస్తోంది.

సూది మార్చండి. మామూలు సూది మొన సాగే గుడ్డ పోగుల్ని తోసుకుపోలేక కుట్టు తప్పిస్తుంది. గుండ్రటి మొన ఉన్న బాల్‌పాయింట్ సూది, 75 నంబరు వేసి, అర మిల్లీమీటరు వెడల్పు జిగ్‌జాగ్‌తో కుట్టండి. సాదా కుట్టు వేస్తే టోపీ సాగినప్పుడు దారం తెగుతుంది. గుడ్డ ఎక్కువ సాగే దిశ తల చుట్టూ రావాలి. పుట్టినప్పుడు తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు, ఆరు నెలలకు 43. బిడ్డ తల త్వరగా పెరుగుతుంది కాబట్టి పెద్ద కొలతకే కుట్టండి.

ప్రశ్న: మా ఇంట్లో మిషన్ లేదు. చేత్తో కుడితే ఆగుతుందా?

ఆగుతుంది, వెనక్కి వెళ్లి ముందుకొచ్చే బఖియా కుట్టు వేస్తే. ఒక్కో కుట్టు 2 నుంచి 3 మిల్లీమీటర్లు. ముందుకు పోయే సాదా కుట్టైతే ఒకచోట తెగగానే వరసంతా జారిపోతుంది, బఖియాలో తెగినా పక్కకుట్లు పట్టుకునే ఉంటాయి. పాలిస్టర్ దారం వాడండి, ముళ్లు రెండు పొరల మధ్య దాగేలా వేయండి. మొదలుపెట్టే ముందు ఎన్ని పిన్నులు గుచ్చారో లెక్కపెట్టుకుని, చివర్లో అన్నీ చేతికొచ్చాయో లేదో చూసుకోండి. ఒక్కటి తగ్గినా కుట్టు విప్పి వెతకాల్సిందే. తర్వాత ఒకసారి ఉతికి, కుట్లన్నీ నిలిచాయని చూసుకున్నాకే కానుకగా ఇవ్వండి.